షూనేము తల్లి వెళ్ళిన దారి

(అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవాల కుటుంబ సహవాస సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన అంశము "కుటుంబములో వ్యాధి – విశ్వాసి" అన్నది. అంశము పెద్దది. అరగంటలో వ్యాధులన్నిటిని గురించి మాట్లాడబోతే ఏ ఒక్కదానిని గురించీ మాట్లాడినట్లు కాదు. గనుక ఒకే ఒక వ్యాధిని ఎంచుకొన్నాము. నిన్నటిదాకా వీధిలో ఆడుకొన్న పసిబిడ్డ ఈ రాత్రికి తల్లి ముఖమును గుర్తుపట్టలేని స్థితికి వచ్చే వ్యాధి అది. డాక్టర్లు ఎన్‌సెఫలైటిస్ అనీ, మెనింజైటిస్ అనీ వేరువేరుగా చెప్తారు. మన ఊళ్ళలో రెంటినీ కలిపి మెదడువాపు జ్వరమంటారు. ఈ వ్యాధిని ఎందుకు ఎంచుకొన్నామో మా పాస్టరేటునుండి వచ్చినవారికి చెప్పనక్కరలేదు. అది మా ఇంటికే వచ్చింది.

ఈ ఉత్సవాల కోసం పాత రిజిస్టర్లు తిరగవేసే పని మా పాస్టరేటులో మా మీద పడింది. భూస్థాపనల రిజిస్టరులో పేరు, వయస్సు, తేదీ, గురువు సంతకము ఉంటాయి. కొన్ని పేజీలలో మరణ కారణము కూడ రాశారు. "జ్వరము, మూర్ఛ" అన్న రెండు మాటలు పసిపిల్లల పేర్ల ఎదుట మాటిమాటికి కనబడ్డాయి. రెండేండ్లు, అయిదేండ్లు, మూడేండ్లు. చాలామట్టుకు పొలాల్లో నీళ్ళు నిలిచి ఉండే నెలలు. అంతకంటె ఒక్క అక్షరము ఎక్కువ లేదు. ఆ గురువుగారు ఆ ఇంటికి మళ్ళీ ఎన్నిసార్లు వెళ్ళారో, ఆ తల్లి తరువాతి ఆదివారము గుడిలో ఎక్కడ కూర్చున్నదో రిజిస్టరు చెప్పదు. నూరేండ్ల చరిత్ర అని మనము గుడులను, బడులను, బిషప్పులను లెక్క కట్టుకొంటున్నాము. కట్టుకోవలసినదే. ఆ పేజీలనుకూడ ఆ లెక్కలో చేర్చాలని మా మనవి.

ఇక వాక్యములోనికి వద్దాము. రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో షూనేమీయురాలి కథ మనకందరికి తెలుసు. గొడ్రాలైన ఆ ఘనురాలికి దైవజనుని మాట చొప్పున కొడుకు పుడతాడు. ఈ కథమీద ప్రసంగాలు ఎన్నో విన్నాము, మేము కూడ చేశాము. చాలామంది ప్రసంగీకులు మేడమీది గదినుండి నేరుగా పునరుత్థానానికి పోతారు. మధ్యలో ఉన్న ఆ ఒక్క రోజును ఎవరూ నిదానంగా చదవరు. కోతల కాలము. పిల్లవాడు తండ్రి దగ్గరకు, కోత కోసేవారి మధ్యకు పోతాడు. ఉన్నట్లుండి తల, తల అని బాధపడతాడు. తండ్రి పనివానిని పిలిచి తల్లి దగ్గరకు మోసుకొని పొమ్మంటాడు. మధ్యాహ్నము వరకు తల్లి ఒడిలో ఉండి బిడ్డ చనిపోతాడు. ఎండదెబ్బ అని వ్యాఖ్యానకర్తలు కొందరు రాశారు. అయి ఉండవచ్చు. మాకు మాత్రము, ఆసుపత్రి వరండాలో కూర్చొని చదివిన రోజు, ఆ పూట ఎంత తొందరగా గడిచిందో అదే కనబడింది. పొద్దున పొలానికి పరుగెత్తిన బిడ్డ, మధ్యాహ్నానికి లేడు.

ఈ తొందర మన ప్రాంతాలకు కొత్త కాదు. 2003వ సంవత్సరము జూన్ మొదలు ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వంటి జిల్లాలలో, 329 మంది పిల్లలకు మెదడువాపు సోకగా 183 మంది చనిపోయారు. చాలామంది జ్వరము తగిలిన ఒకటి రెండు రోజులలోనే పోయారు. పుణెలోని పరిశోధకులు పరీక్షించి చండీపుర వైరస్ అని తేల్చారు. 1965లో నాగపూర్ దగ్గరి చండీపుర గ్రామములో మొట్టమొదట దొరికిన వైరస్ గనుక దానికి ఆ పేరు. మట్టిగోడల పగుళ్ళలో ఉండే ఇసుక ఈగ దీనిని మోసుకొని తిరుగుతుంది. రెండవది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. మన దేశములో దీనిని 1955లో వేలూరు ప్రాంతములో మొదట గుర్తించారు. వరిమడులలో నిలిచిన నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ, కొంగలనుండి పందులనుండి దీనిని మనుష్యులకు తెస్తుంది. ఈ వైరస్ సోకిన ప్రతి 250 మందిలో సుమారు ఒక్కరికే జబ్బు ముదురుతుంది. అందరికి వస్తే జాగ్రత్త పడేవాళ్ళమేమో! ముదిరినవారిలో నూటికి 30 మంది వరకు మరణించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. బ్రతికినవారిలో చాలామందికి చేయో, మాటో, చదువో, బుద్ధి నిలకడో దెబ్బతింటుంది.

పిల్లల తల్లులు ఇక్కడ చాలామంది ఉన్నారు గనుక ఒక మాట చెప్పి ముందుకు పోతాము. ఈ వ్యాధి ఉన్న జిల్లాలలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకాను 9 నెలలు నిండిన తరువాత ఒకసారి, 16 నుండి 24 నెలల మధ్య రెండవసారి ప్రభుత్వము ఉచితంగా వేస్తున్నది. పుట్టగానే వేసే బి.సి.జి. టీకా పసిపిల్లలను క్షయవలన వచ్చే మెదడువాపునుండి కాపాడుతుంది. 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌లో ఇంకొక రకము మెనింజైటిస్‌కు అడ్డుకట్ట ఉన్నది. ఆశా కార్యకర్త ఇంటికి వస్తే రేపు రమ్మని పంపకండి.

మా పాపకు ఈ టీకాలన్నీ వేయించినవే. 2016 సెప్టెంబరులో దానికి నాలుగేండ్లు. మేము అప్పుడు కాలువ కింది ఊరిలో ఉన్నాము. మంగళవారము జ్వరము వస్తే ఊరి డాక్టరుకు చూపించి మందు పోశాము. బుధవారము రెండుసార్లు వాంతి అయింది, మగతగా పడుకొన్నది. మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకొనిపోతే ఆయన మెడ వంచి చూచి, ఇక్కడ కాదు, వెంటనే పట్నానికి పొమ్మన్నాడు. 108 వచ్చేలోపల ఫిట్స్ మొదలైనవి. ఇంటి ముందర ఇరవైమంది చేరారు. ఒకరు తాళాలగుత్తి తెచ్చి పాప గుప్పిట్లో పెట్టారు. ఒకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టారు. ఒకరు నోట్లో స్పూను పెట్టబోయారు. అందరూ ప్రేమతోనే చేశారు. అయితే ఇనుముకు ఫిట్స్‌ను ఆపే శక్తి లేదు. నోట్లో పెట్టిన స్పూను పండ్లు విరగగొడుతుంది. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారము చూచుకోవాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే క్షణము ఆలస్యము చేయకూడదు. ఈ సంగతి మాకు ముందే తెలిసి ఉండటము దేవుని కృప. ఒకప్పుడు మా హాస్టలులో ఒక విద్యార్థికి మూర్ఛ ఉండేది. అతని దగ్గర నేర్చుకొన్నది మా బిడ్డకు ఉపయోగపడింది.

పట్నపు ఆసుపత్రిలో మొదటి రాత్రి వెన్నులో నీరు తీయాలి, సంతకము పెట్టమన్నారు. అంతవరకు ఏడవని పిల్ల తల్లి అక్కడ ఏడ్చింది. వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మన వైపు గట్టి నమ్మకము. ఊరినుండి ఫోన్లు వచ్చినవి, ఒప్పుకోవద్దని. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ, మా ఇంటి ఆడపడుచు వయస్సు ఉంటుందేమో, కాగితముమీద బొమ్మ గీసి చూపించింది. వెన్నుపాము నడుము పైభాగములోనే ముగుస్తుంది, సూది గుచ్చేది దానికి బాగా కింద. ఆ నీరు బియ్యము కడిగిన నీళ్ళలాగ మసకగా ఉంటే ఒక రకము జబ్బు, తేటగా ఉంటే ఇంకొక రకము. మొదటిదానికి పనిచేసే మందు వేరు. "ఈ నీరు చూడకపోతే మేము చీకట్లో రాయి విసిరినట్లండి" అన్నది. సంతకము పెట్టాము. జవాబు వచ్చేదాకా ఆగకుండా రెండు రకాల మందులూ మొదలుపెట్టారు. ఆగకూడదట. పాప కాళ్ళు సూది వలన పడిపోలేదు. ఈ ఒక్క సంగతి మీ ఇరుగుపొరుగులకు చెప్పండి.

నీరు తేటగానే వచ్చింది. స్కానింగులో మెదడు వాచి ఉన్నదన్నారు. ఏ వైరస్ అన్నది చివరివరకు తేలలేదు. పరీక్షలకు పంపినవన్నీ లేదు, లేదు అనే వచ్చినవి. ఇలా కారణము తేలని కేసులు చాలా ఉంటాయని పెద్ద డాక్టరుగారు చెప్పారు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు తల వంచుకొన్నాడు. మాకు ఆయనమీద గౌరవము పెరిగింది. ఎందుకో తరువాత చెప్తాము.

అత్యవసర వార్డులో నర్సులు గంటగంటకు ఒక అంకె రాసేవారు. కండ్లు తెరవటానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తము 15. ఏమీ లేనివానికికూడ 3 వేస్తారు. పాపకు మొదటి వారము 6, 7. ఒకరోజు 5 అయింది. చదువుకొన్న మా చదువంతా ఆ అంకెలోనికి వచ్చి చేరింది. నర్సమ్మ వచ్చే టైముకు మెడ చాచి చూడటము, 8 అయితే కీర్తన, 6 అయితే నేలమీద కూర్చోవటము. స్పృహ లేకపోయినా మాట్లాడండి, వినబడవచ్చునని నర్సమ్మ తల్లికి చెప్పింది. లోపలికి పోవటానికి పూటకు పది నిమిషాలు. తల్లి మొదట కథలు చెప్పింది, పాటలు పాడింది. ఆరవ రోజుకు మాటలు అయిపోయినవి. అప్పుడు చింతపండు పులుసు ఎట్లా పెట్టాలో చెప్పటము మొదలుపెట్టింది, ఉప్పు ఎంత, బెల్లము ఎంత. మేము తలుపు దగ్గర నిలబడి విన్నాము. అంతకంటె మంచి ప్రార్థన మేము వినలేదు.

తండ్రుల సంగతి ఒకటి చెప్పాలి. షూనేములో తండ్రి బిడ్డను తల్లి దగ్గరకు పంపించి కోతల దగ్గరే ఉండిపోయాడు. కఠినుడు అని అతనిమీద కోప్పడేవారు ఉన్నారు. ఆసుపత్రులలో తండ్రులను చూచిన తరువాత మాకు కోపము రాదు. మందుల చీటీ పట్టుకొని మెట్లు దిగటము, ఆరోగ్యశ్రీ కార్డుకు జిరాక్సులు తీయించటము, బిల్లు కౌంటరు దగ్గర నిలబడటము ఇవి చేతికి ఏదో పని ఇస్తాయి. మంచము పక్కన ఊరక కూర్చోవటమే అన్నిటికంటె కష్టమైన పని, దానిని మనము తల్లులకు వదిలేస్తాము. భార్యాభర్తలు ఆ రోజులలో ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మాట్లాడితే లెక్కలే. ఇటువంటి జబ్బు తరువాత మొగుడూ పెళ్ళాలు దూరమైన ఇండ్లు మేము ఎరుగుదుము. మా సంగతి అడిగితే, రోజుకు ఒకసారి ఇద్దరము ఆసుపత్రి ఎదుట టీ బంకు దగ్గర కలిసి టీ తాగాలని నియమము పెట్టుకొన్నాము. పాపను గురించి అక్కడ మాట్లాడకూడదు. కొన్నిసార్లు మాటలేమీ ఉండేవి కావు, టీ మాత్రము ఉండేది.

ఇంటి దగ్గర అమ్మమ్మతో ఉండిపోయిన మా పెద్దవాడికి అప్పుడు తొమ్మిదేండ్లు. రెండు వారాలైన తరువాత వాడిని ఆసుపత్రికి తీసుకొని వచ్చారు. వాడు అన్నము తినడు, మాట్లాడడు. చివరికి వరండాలో "నాన్నా, నేను సోమవారము చెల్లిని మంచముమీదనుంచి నెట్టాను. అందుకేనా?" అన్నాడు. రెండు వారాలు ఆ పసివాడు హత్యాభారము మోసుకొని తిరిగాడు. జబ్బు పడిన బిడ్డ చుట్టూ అందరము చేరినప్పుడు, తలుపు వెనకాల ఇంకొక బిడ్డ ఉంటాడు. సంఘములో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి కష్టము వస్తే, దయచేసి ఆ తలుపు వెనకాల చూడండి. ఎవరి దెబ్బవలనా ఈ జబ్బు రాలేదని డాక్టరమ్మ చేతనే వాడికి చెప్పించాము. మా మాటకంటె ఆమె మాటే వాడు నమ్మాడు.

ఇప్పుడు షూనేము తల్లి దగ్గరకు. బిడ్డను దైవజనుని మంచముమీద పడుకోబెట్టి, తలుపు వేసి, గాడిదకు జీను వేయించి బయలుదేరుతుంది. ఇది అమావాస్యా కాదు, విశ్రాంతి దినమూ కాదు, ఇప్పుడెందుకని భర్త అడుగుతాడు. అంతా మంచిదే అన్నట్లు ఒక్క మాట చెప్పి సాగిపోతుంది. గేహజీ ఎదురువచ్చి, నీవు, నీ భర్త, బిడ్డ క్షేమమేనా అని అడిగితే అతనికీ అదే జవాబు. అబద్ధము చెప్పినదా? ఈ ప్రశ్న మన బైబిలు తరగతులలో వస్తూ ఉంటుంది. ఫోను మోగి మోగి, "పాప ఎలా ఉన్నది అయ్యగారూ" అని నలభైమంది అడిగిన రోజున మాకు జవాబు తెలిసింది. "బాగానే ఉన్నదండి" అంటారు. అది విశ్వాసపు ఒప్పుకోలూ కాదు, అబద్ధమూ కాదు. ఉన్న కొద్దిపాటి ఊపిరిని దారిలో ఖర్చుపెట్టకుండా దాచుకోవటము. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో ఆమెకు తెలుసు. అక్కడికి పోయినదాకా నోరు విప్పలేదు.

అక్కడ గేహజీ ఆమెను తోసివేయబోతాడు. ఎలీషా ఆపుతాడు. ఆమె ప్రాణము వ్యాకులపడి ఉన్నదనీ, యెహోవా ఆ సంగతిని తనకు మరుగుచేశాడనీ చెప్తాడు. తోటి గురువులారా, ఈ మాటను మనము వేదాంత కళాశాలలో చదివే ఉంటాము, పరీక్షలో రాసే ఉంటాము. ఎలీషా అంతటివాడు నాకు తెలియలేదు అన్నాడు. మనము అనలేకపోతున్నాము. మెదడువాపుతో బిడ్డ పడిపోయిన ఇంటికి వెళ్ళి, పది నిమిషాలలో కారణము చెప్పి వస్తాము. దేవుడు పరీక్షిస్తున్నాడు అంటాము, దేవుడు ఏదో నేర్పిస్తున్నాడు అంటాము. మాకు ఒక దైవజనుడు ఫోనుచేసి, ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపమున్నది, అది తేలేవరకు బిడ్డ లేవదు అన్నాడు. ఇంకొకరు, మందులు ఆపి విశ్వాసముతో ఇంటికి తీసుకొనిపొండి అన్నారు. వారి పేర్లు చెప్పవలసిన అవసరము లేదు. పుట్టుగ్రుడ్డివాని విషయములో ఇటువంటి ప్రశ్న వేసినవారికి ప్రభువే జవాబు చెప్పి ఉన్నాడు. పెద్ద డాక్టరుగారు తల వంచుకొని కారణము తెలియలేదన్నప్పుడు, ఆ గదిలో ఎలీషా మాట మాట్లాడినది ఆయనే అని మాకు అనిపించింది. తెలియదని చెప్పి కూడ ఆయన మరుసటి పూట మళ్ళీ వచ్చాడు.

తరువాతిది మేము ఈ వేళ ముఖ్యంగా చెప్పదలచినది. ఎలీషా తన దండమును గేహజీ చేతికిచ్చి, దారిలో ఎవరినీ పలకరించకుండా పోయి బిడ్డ ముఖముమీద పెట్టమన్నాడు. గేహజీ చెప్పినట్లే చేశాడు. శబ్దమూ లేదు, చలనమూ లేదు. తల్లికి ముందే తెలుసు. నిన్ను విడువను అని ఎలీషానే పట్టుకొన్నది. అప్పుడు ఆయన లేచి ఆమె వెంట నడిచాడు. గదిలోనికి పోయి, తలుపు వేసి, ప్రార్థన చేసి, బిడ్డమీద తన శరీరమంతా చాచుకొని పడుకొన్నాడు. బిడ్డ ఒళ్ళు వెచ్చబడింది గాని కండ్లు తెరవలేదు. దిగి, ఇంట్లో ఇటు అటు తిరిగాడు. ఆ తిరుగుడు ఎటువంటిదో వార్డు వరండాలు తెలిసినవారికి తెలుసు.

మనము దండాలు పంపే సంఘముగా తయారవుతున్నాము. ఒక మెసేజి, చేతులు జోడించిన ఒక బొమ్మ, ప్రార్థన గొలుసులో ఒక పేరు. ప్రార్థనను తక్కువచేసి మాట్లాడటము లేదు. ఆ నెలలో అధ్యక్ష ఖండమంతా మా పాప కోసము ప్రార్థించింది, దానికి మేము బ్రతికినన్నాళ్ళు ఋణస్థులము. అయినా మీరు మమ్మల్ని అడిగితే, మమ్మల్ని నిలబెట్టినవారు నడిచి వచ్చినవారు. స్త్రీల మైత్రిలోని ఒక పెద్దమ్మ, చదువు రాదు, కూలికి పోయే మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది. క్యారేజిలో చారూ అన్నమూ తెచ్చింది. పిల్ల తల్లి పక్కన సిమెంటు గచ్చుమీద దుప్పటి పరచుకొని కూర్చున్నది. వాక్యము చెప్పలేదు, ప్రశ్న అడగలేదు. రాత్రి మూడు గంటలకు లోపలినుండి ఏడుపు వినబడితే, మన పాప కాదులే అని చెప్పి మళ్ళీ కూర్చున్నది. మూడు రాత్రులు ఉన్నది. నాలుగవ రోజు కలుపుకు పోవాలని వెళ్ళిపోయింది. అయిదవ రోజు ఆమె చెల్లెలు వచ్చింది. యాకోబు పత్రికలో చెప్పిన ప్రకారము పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. నూనె రాసిన చేయి వణుకుతూ ఉండటము మేము చూచాము.

ముప్పది ఒకటవ రోజున పాపను ఇంటికి తీసుకొని వచ్చాము. స్తోత్రమని ఊరంతా గుడిగంట కొట్టారు.

ఇక్కడ ఆగవచ్చును. చాలా సాక్ష్యాలు ఇక్కడే ఆగుతాయి. షూనేము బిడ్డ ఏడుసార్లు తుమ్మి కండ్లు తెరిచాడు, తల్లి ఎత్తుకొని పోయింది. మా పాప కండ్లు తెరిచినా మమ్మల్ని చూడలేదు. కుడి చేయి ఎత్తలేదు. సండేస్కూలులో చెప్పిన కీర్తనలు పోయినవి, అమ్మ అన్న మాట పోయింది. పక్క తడిపేది. కారణము లేకుండా గంటలు గంటలు అరిచేది, అన్నను కొరికేది. అది మా పాపే, మా పాప కాదు. ఈ మాట పైకి అనటానికి తల్లిదండ్రులకు భయము. బిడ్డ బ్రతికి ఉండగా ఏడ్చుకోవటము పాపమేమో, కృతఘ్నతేమో అని. కాదని మేము చెప్తున్నాము. పోయిన ఆ పిల్లకోసము ఏడ్చి, వచ్చిన ఈ పిల్లను ఎత్తుకోవాలి. ఏడ్వనివ్వకపోతే ఎత్తుకోలేరు.

మింగటము మళ్ళీ నేర్పాము. నీళ్ళకంటె చిక్కని జావ తేలికగా దిగుతుందని, కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా పోయాలని అక్కడి ఫిజియో అమ్మాయి నేర్పించింది. వేళ్ళకు పనికోసము పళ్ళెములో బియ్యము పోసి కందిపప్పు కలిపి ఏరించేవాళ్ళము. మొదటి గింజ ఏరటానికి నాలుగు నెలలు పట్టింది. సండేస్కూలు పిల్లలు సాయంత్రాలు వచ్చి పోటీ పెట్టుకొని ఏరేవారు. వాళ్ళకు ఆట, మాకు వైద్యము. ఫిట్స్ మందు మాత్రము ఒక్కపూటకూడ ఆపలేదు. బాగానే ఉన్నది గదా అని తల్లిదండ్రులు సొంతంగా ఆపివేయటమువలన మళ్ళీ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను అక్కడ చూచాము.

ఆ సంవత్సరము కోతపండుగకు పెద్దలు పాపను వేదిక దగ్గరకు తెమ్మన్నారు. కరపత్రము అచ్చుకు పోబోతున్నది, "సంపూర్ణ స్వస్థత పొందిన చిన్నారి సాక్ష్యము" అని అందులో ఒక వరుస. ప్రేమతో చేసిన పనే. చందాలిచ్చినవారు, ఉపవాసమున్నవారు ఆ మాట వినాలని ఆశపడ్డారు. ఒక పెద్దమనిషి అన్నాడు, "అయ్యగారూ, మీరే అలా చెప్పకపోతే జనము విశ్వాసము ఏమవుతుందండీ?" చిన్న మాట కాదది. రాత్రంతా ఇద్దరము మాట్లాడుకొన్నాము. మొదటి మాట తీసివేయించి, కరపత్రము అచ్చు వేయించాము. పండుగ రోజు మాట్లాడినది పిల్ల తల్లి. పాపను చంకనెత్తుకొని, మైకు దగ్గరకు పోయి, "పాప బ్రతికింది, దేవునికి స్తోత్రము. పాపకు మాట ఇంకా రాలేదు. దానికోసము రోజూ ఏడుస్తున్నాము. రెండూ ఆయనకు తెలుసు" అని చెప్పి దిగింది. గుడిలో చప్పుడు లేదు. ఎవరో ఆమెన్ అనలేదు కూడ. మేము భయపడ్డాము.

ఆ సాయంత్రము చీకటి పడిన తరువాత మా ఇంటికి ఒక తల్లి వచ్చింది. పదేండ్లుగా మా సంఘములోనే ఉన్న మనిషి. ఆమెకు పన్నెండేండ్ల కొడుకు ఉన్నాడని, చిన్నప్పుడు ఇదే జ్వరము వచ్చి మాట పడిపోయి ఇంట్లోనే ఉన్నాడని మాకు అప్పుడు తెలిసింది. గుడికి ఎప్పుడూ తేలేదు. నా ప్రార్థన సరిపోలేదని అనుకొంటారని భయమండీ, అన్నది. ఆ వారములో ఇంకా ఇద్దరు వచ్చారు. ఒకే పాస్టరేటులో మూడు ఇండ్లు! రిజిస్టరులో వాళ్ళ పేర్లు బాప్తిస్మపు పేజీలో ఉన్నవి, తరువాతి పేజీలలో ఎక్కడా లేవు.

ఆ పిల్లవాడికి సదరం శిబిరములో సర్టిఫికెట్ ఇప్పించాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో 21 రకాల వైకల్యాలు చేర్చి ఉన్నవి. వైకల్యము నూటికి నలభై, ఆపైన అని సర్టిఫికెట్ ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు దగ్గరి బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకొనే హక్కు ఉన్నది. ఇది తెలియక ఇంట్లో మంచానికి పరిమితమైన పిల్లలు ఇంకా ఉన్నారు. మన అధ్యక్ష ఖండము బడులు నడుపుతున్నది గనుక ఈ హక్కును మన తలుపు దగ్గరే అడుగుతారు. మన ప్రధానోపాధ్యాయులు ఇప్పుడే సిద్ధముగా ఉంటే మంచిది.

మా పాప ఇప్పుడు పెద్దదయింది. మాటలు వచ్చినవి, వరుసగా రావు. కుడి చేయి ఇంకా కొంచెము వెనకబాటే. రెండేండ్లనుండి ఆదివారము కానుక సంచి పట్టుకొని వరుసల మధ్య తిరుగుతున్నది. ఎవరైనా సంచిలో ఏమీ వేయకపోతే అక్కడే నిలబడుతుంది. కోశాధికారిగారు దానిని మార్చవద్దన్నారు.

రాజుల రెండవ గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో షూనేము తల్లి మళ్ళీ కనబడుతుంది. ఏడేండ్ల కరువు దాటి, పొలము కోసము రాజు దగ్గరకు వస్తుంది, కొడుకు ఆమె వెంట ఉన్నాడు. మధ్య సంవత్సరాలలో ఆ పిల్లవాడు ఎలా పెరిగాడో, తల పట్టుకొన్న ఆ రోజు తరువాత ఎలా ఉన్నాడో గ్రంథము చెప్పలేదు. తల్లి వెంట నడిచి వచ్చాడు, అంతే రాసి ఉన్నది.

బిషప్పుగారి అనుమతితో ఒక ప్రకటన. సభ అయిన తరువాత గుడి పక్కన పాత సండేస్కూలు గదిలో, ఇటువంటి బిడ్డలున్న తల్లిదండ్రులతో కూర్చొంటాము. మైకు ఉండదు, సాక్ష్యాలు అడగము. సదరం దరఖాస్తు కాగితాలు అక్కడ ఉన్నవి, నింపిపెట్టటానికి ఇద్దరు యువకులు ఉంటారు. పిల్లలను బయట ఉంచి రావద్దు, అరిచినా ఫరవాలేదు. స్త్రీల మైత్రివారు టీ పెట్టారు.